కళ్ళు తెరిపించిన చేయి

ఫర్జానా వచ్చిన రోజు మా ఇంట్లో కరెంటు లేదు. అందుకే ఆమె తెచ్చిన ఫోటోను కిటికీ దగ్గరికి పట్టుకుపోయి చూడవలసి వచ్చింది. ఫర్జానా వరంగల్ పిల్లే. హైదరాబాద్‌లో ఫోటోగ్రఫీ పాఠాలు చెబుతుంది. పాత స్టూడియోల బొమ్మలు ఇల్లిల్లూ తిరిగి పోగుచేస్తోంది, వాటితో ప్రదర్శన ఒకటి పెడుతుందట. ఈ బొమ్మను కొత్తవాడలో ఒక నేతింటి గోడ మీది నుంచి బతిమాలి తెచ్చానంది. అట్ట వెనక ఊదారంగు సిరాతో మా బాపు, అంటే మా నాన్న, పెట్టిన స్టూడియో ముద్ర ఇంకా కనిపిస్తూనే ఉంది. ముందువైపు, వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చున్న ఒక ముసలమ్మ. నువ్వు చేసిన తప్పు నాకు ఎరుకేలే అన్నట్టు మన ముఖంలోకే చూస్తుంది. నేను ఆమెను చూసి ఎనభై ఏళ్ళవుతోంది. నేను కిటికీని ఆనుకుంటే, వయసు అనుకుంది కాబోలు, ఆ పిల్ల నన్ను పట్టుకొని కుర్చీలో కూచోబెట్టింది.

"అమ్మమ్మా, ఇది మీ బాపు తీసిందే గదా? కింద కార్డు పెడ్తాం. ఫోటోగ్రాఫర్ అని రాసి పక్కకు ఒక్క పేరు రాయాలె" అంది. అని ఊరుకోలేదు. "ఒక్కటే నాకు సమజైతలేదు. ఇది వాకిట్ల తీసింది. చుట్టూత మట్టిగోడ, మీద ఆకాశం. మరి కండ్లల్ల చూడుండ్రి." తన ఫోన్లో ఆ కళ్ళను పెద్దవి చేసి చూపించింది. నల్లగుడ్డు మీద చిన్న వెలుతురు మచ్చ. మచ్చ మధ్యన నిలువుగా మూడు గీతలు. "ఇది కిటికీ. మూడు చువ్వల కిటికీ. వాకిట్ల కూసున్న మనిషి కండ్లల్లకు కిటికీ యాడికెల్లి వచ్చింది?"

నేను చాయ్ పెడతానని వంటింట్లోకి పోయి, పొయ్యి ముట్టించడం మరిచిపోయి నిలబడ్డాను. ఆ మూడు చువ్వల కిటికీ నాకు తెలుసు. నేను దాని కింద కూర్చొని అక్షరాలు దిద్దుకున్నాను.

మా ఇల్లు మూడు అర్రలు, ఓ పక్కన వంటిల్లు. ముందటి అర్ర స్టూడియో. పైకప్పులో ఉత్తరం వైపు పెంకులు తీసేసి గాజు పలకలు వేయించాడు బాపు. వెలుతురు ఎక్కువైతే తెల్ల ముసుగు లాగడానికి తాడు ఉండేది. నడిమి అర్ర చీకటిగది. దాని తలుపు సందుల్లో నుంచి బొమ్మలు కడిగే హైపో వాసన, పుల్లటి మందుల వాసన ఇల్లంతా పాకేది. మా అన్నంలో, మా పక్కబట్టల్లో, అమ్మ కొప్పులో కూడా అదే వాసన. వెనుక అర్ర మా అత్తది. అత్త అంటే బాపుకు తోడబుట్టిన అక్క. చిన్నతనంలోనే మొగుడు పోతే పుట్టింటికి వచ్చింది. తాత బతికున్నన్నాళ్ళు కొత్తవాడలో జంపఖానాల మగ్గం మీద తెగిన పోగులు అతికేదట. తాత పోయి, బాపు మగ్గం అమ్మి కెమెరా కొన్నాక ఆ చేతులకు పని లేకుండా పోయింది. పనిలేని చేతులకు బాపే పని చూపించాడు.

తెల్లవారగానే అమ్మ, అత్త ఇద్దరూ బావి నీళ్ళు తోడేవాళ్ళు. మొదటి నీళ్ళు కెమెరాలో బొమ్మ పడే గాజుప్లేట్లు కడగడానికి, తర్వాతి నీళ్ళు వంటకు. ప్లేట్ల తొట్టి నీళ్ళు ఎక్కడ అన్నం గిన్నెలో చిందుతాయోనని అమ్మకు బెంగ, రోజూ అదే గొణుగుడు. అత్త మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. జొన్నరొట్టె ఒకటి కారంపొడితో తిని, వెనుక అర్ర కిటికీ కింద కూర్చునేది. ముందర వాలుబల్ల. బల్ల నడుమ రంధ్రం, దాని మీద ప్లేటు, దాని కింద కిటికీ వెలుతురును పైకి కొట్టే అద్దం ముక్క. పక్కన చెక్కిన పెన్సిళ్ళు, ఒక సూది, క్షౌరపు కత్తి విరిగిన ముక్క, ఒక చేతి అద్దం. ఈ పనిని మా ఇంట్లో టచింగ్ అనేవాళ్ళు. ముఖం మీది అమ్మోరు మచ్చలు పూడ్చడం, చిరిగిన రవికె అతకడం, ముసలాయన మెడ మీది ముడతలు తగ్గించడం. ప్లేటు మీద అంతా తిరగబడి ఉంటుంది. తెల్లనిది నల్లగా, కుడి ఎడమగా. "నలుపు కావాల్నంటె గీకాలె, తెలుపు కావాల్నంటె దిద్దాలె, కోడలుపిల్లా. గంతే ఇద్య" అని అత్త నవ్వేది. అంతే విద్య అయితే బాపు చేసుకునేవాడు. ఆయన చెయ్యి వేస్తే ముఖం మీద పుండు లేచినట్టయ్యేది.

అత్త ముందటి అర్రలోకి రాకూడదు. ఆమెను ఎవరూ తిట్టి ఆపలేదు. అక్కడికి పెళ్ళివాళ్ళు వస్తారు, బాలింతలు వస్తారు, కొత్త బట్టలు కట్టుకొని పండగపూట వస్తారు. విధవ ఎదురైతే వెనక్కి తిరిగిపోతారని అందరికీ తెలుసు, అత్తకు అందరికన్నా ఎక్కువ తెలుసు. పెరటి సందులో నుంచే వచ్చేది, పోయేది. తను ముఖాలు బాగుచేసిన పెళ్ళికూతుళ్ళలో ఒక్కరినీ ఆమె కళ్ళతో చూడలేదు. పైగా బాపుకు మంచివనిపించిన బొమ్మల మూల మీద ఆయన పేరును సూదితో తిరగేసి గీసేది కూడా అత్తే, ఎందుకంటే ఆ చెయ్యే వణకదు. అత్తకు చదువు రాదు. ఆమెకు వచ్చిన అక్షరాలల్లా తమ్ముడి పేరులోవి, అవీ తిరగబడి వచ్చినవి.

మా బాపు చెడ్డవాడు కాదు. ఈ మాట ఇప్పుడే చెబుతున్నాను, చివరన చెబితే సర్దిచెప్పినట్టు ఉంటుంది. షేర్వానీ, నెత్తి మీద టోపీ, నోట్లో కిళ్ళీ. అధికార్లతో ఉర్దూ మాట్లాడితే నిజాం బంధువేమో అనుకునేవాళ్ళు. కెమెరా మీద ఆయనకు ఉన్న ప్రేమ మా మీద కూడా లేదు. నల్ల గుడ్డ కప్పుకొని అద్దంలోకి చూసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. అక్కకు తిండి తక్కువ చేసినవాడు కాదు, బట్ట తక్కువ చేసినవాడు కాదు. పేరు ఒక్కటే తనకు ఉంచుకున్నాడు.

అప్పట్లో మా దిక్కున బతికుండగా ఫోటో దిగినవాళ్ళు తక్కువ. దిగితే ఆయుష్షు తగ్గుతుందని భయం. పోయాక మాత్రం గోడ మీద ఒక బొమ్మ ఉండాలి, ఏటా దానికి దండ వేయాలి. అందుకని పీనుగ లేవక ముందే బాపుకు కబురు వచ్చేది. టాంగాలో కెమెరా పెట్టుకొని పోయేవాడు. పోయిన మనిషిని కుర్చీలో కూచోబెట్టి, నడుముకు గుడ్డ కట్టి, ఎండ పడేటట్టు వాకిట్లోకి తిప్పి తీసేవాడు. కళ్ళు మూసే ఉంటాయి కదా. మూసిన కళ్ళకు దండ వేయడం ఎవరికి ఇష్టం? ఆ కళ్ళు తెరిపించేది మా అత్త. గత్తర, అంటే కలరా, వచ్చిన ఏడాది వారానికి నాలుగు ప్లేట్లు వచ్చేవి. కిటికీ కింద వరసగా ఆనించిన ఆ గాజుల్లో నల్లటి ముఖాలు, తెల్లటి జుట్లు. నేను వాటి పక్కనే పలక పట్టుకొని కూర్చునేదాన్ని. భయం ఉండేది కాదు. 

కళ్ళు తెరిపించే ముందు అత్త ఒక పని చేసేది. పోయినవాళ్ళ మనిషి ఒకరిని పెరటి కిటికీ దగ్గరికి పిలిపించుకునేది. చువ్వలకు అవతల వాళ్ళు, ఇవతల అత్త. అడిగేది ఒకటే మాట, ఎట్ల చూసేది అని. కళ్ళు పెద్దవా చిన్నవా అని అడగదు. చూపు అడిగేది. కొత్తవాడ ముసలమ్మ ప్లేటు వచ్చిన రోజు ఆమె కొడుకు వచ్చాడు. బట్టల నిండా నూలు దుమ్ము. ముప్పై ఏళ్ళ మనిషి, చువ్వ పట్టుకొని నిలబడ్డాడు.

"మీ అవ్వ ఎట్ల చూసేది బిడ్డా?" అంది అత్త.

అతను చువ్వకు అంటిన నూలు పోగు తీశాడు. "ఏం చెప్పాలె చిన్నమ్మా. మగ్గం మీద నేను పోగు తెంపితే, ఒక్క మాట అనకపోతుండె. చేతుల పని ఆపి చూస్తుండె, అంతనే. గా చూపుకు నాకు అన్నం సయించకపోతుండె."

"కోపమా?"

"కోపం గాదు. వీడు ఇంకెప్పుడు నేర్చుకుంటడో, నేను ఇంకెన్నాళ్ళుంటనో అన్నట్టు."

అత్త తల ఊపింది. అతను పోయాక చేతి అద్దం తీసుకొని కిటికీ వైపు తిరిగింది. అద్దంలోకి చూస్తూ ముఖం మార్చుకుంది. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. పెదవి బిగించింది, వదిలేసింది, కనుబొమ్మ కొంచెం దించింది. చివరకు ఒక చూపు కుదిరింది. ఆ చూపు పోకుండా, అద్దం ఎడమ చేతిలో, కత్తిముక్క కుడి చేతిలో పెట్టుకొని ప్లేటు మీదికి వంగింది. గీకింది, దిద్దింది, మళ్ళీ అద్దం చూసుకుంది. రెండు రోజులు. పలకరిస్తే పలకలేదు. కొడుకు వచ్చి అచ్చువేసిన బొమ్మ చూసుకున్నాడు. ముందటి అర్రలో మా బాపు కాళ్ళకు దండం పెట్టిపోయాడు. సొమ్మొకడిది సోకొకడిది అని అమ్మ వంటింట్లో అన్నది, బాపుకు వినిపించేంత గట్టిగా మాత్రం కాదు.

బాపు ఆ ప్లేటుకు ఇంకొక అచ్చు తీసి హైదరాబాద్‌లో పెట్టిన ఫోటోల పోటీకి పంపాడు. పోయిన మనిషి అని రాయలేదు. అచ్చు తీసే ముందు మూలన తన పేరు గీయమని ప్లేటు అత్తకు ఇచ్చాడు. అప్పుడు, నేను పుట్టాక మొదటిసారి, అత్త ఆయనను ఒకటి అడిగింది. "తమ్మీ, నీ పేరు కింద నా పేరు గూడ చిన్నగ గీసుకుంట. ఈ ఒక్కదానికి." అంతకు ముందురోజు నా పలక మీద ఆమె పేరు రాయించుకొని, అద్దంలో తిరగేసి చూసుకొని నేర్చుకుందని నాకు మాత్రమే తెలుసు.

బాపు తిట్టలేదు. నవ్వాడు. "మంచిగున్నదక్కా. కెమెరా నాది, ప్లేటు నాది, పోయి తీసినోన్ని నేను. రేపు టాంగావాడు గూడ పేరు అడుగుతడు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నీ పేరు ఉన్నదని తెలిస్తె పెండ్లోళ్ళు ఫోటో ఇంట్ల పెట్టుకుంటరా?" అన్నాడు. అత్త సూది తీసుకొని ఆయన పేరు గీసి ఇచ్చింది. ఎప్పటికన్నా అందంగానే గీసింది.

ఆ బొమ్మకు పతకం వచ్చింది. కొన్నాళ్ళకు పోటీ తీర్పు చెప్పిన పెద్దమనిషి ఒకాయన పనిమీద వరంగల్ వచ్చి, మా స్టూడియో వెతుక్కుంటూ వచ్చాడు. తెల్ల గడ్డం, బంగారు ఫ్రేము అద్దాలు. ఆ ముసలమ్మను చూడాలన్నాడు. పోయిందని బాపు చెప్పాడు, ఎప్పుడు పోయిందో చెప్పలేదు. అయితే ప్లేటు చూపించమన్నాడు. దాన్ని గాజుకప్పు కిందికి పట్టుకుపోయి, భూతద్దం పెట్టి చూశాడు. చూస్తూ చూస్తూ ఆగిపోయాడు. ఆ కళ్ళు చేత్తో గీసినవని ఆయనకు అర్థమైపోయింది. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. "ఏ ఆంఖే కిస్‌కా కామ్ హై?" అన్నాడు మెల్లగా. ఈ కళ్ళు ఎవరి పని? మేము పతకం ఇచ్చింది ఈ కళ్ళకే, ఈ చెయ్యి ఎవరిదో చెప్పు, ఆ పేరు కూడా కాగితం మీద రాయిస్తాను అన్నాడు.

మా బాపు తేలుకుట్టిన దొంగలాగా నిలబడ్డాడు. నడిమి అర్ర తలుపు పరదా కింద రెండు పాదాలు కనబడుతున్నాయి. అత్త పాదాలు. అంత దూరం ఆమె ఎప్పుడూ వచ్చింది కాదు. పెద్దమనిషి బాపును వదిలి నా వైపు తిరిగాడు. నేను గుమ్మం పక్కన కొత్త గౌను వేసుకొని నిలబడి ఉన్నాను. వంగి, వచ్చీరాని తెలుగులో, "టచింగ్ బల్ల మీద కూచునేది ఎవరు బేటీ?" అన్నాడు.

"బాపు" అన్నాను.

బాపు నన్ను బెదిరించలేదు. కనీసం చూడనైనా చూడలేదు. ఎవరూ నేర్పకుండానే అన్నాను. పతకం మా బాపుది, అది ముక్కలు కావడం నాకు ఇష్టం లేదు. అంతే కారణం. ఎనిమిదేళ్ళ పిల్లకు ఏం తెలుసని మీరు అంటారు. నాకు తెలుసు. ఆ పేరును పలక మీద రాసిచ్చింది నేనే కదా. పెద్దమనిషి నా చెంప తట్టి, బాపుకు చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. పరదా కింద పాదాలు అంతకు ముందే లేవు.

మరునాడు అత్త ఎప్పటిలాగే రొట్టె తిని బల్ల ముందు కూర్చుంది. నేను పలక తీసుకొని పోయి దూరంగా కూర్చున్నాను. దగ్గరికి రమ్మంది. పెన్సిలు చెక్కుకుంటూ, నా ముఖం చూడకుండానే, "నువ్వు నా పేరు చెప్తవనుకున్న కోడలుపిల్లా. చెప్తె ఆయన నన్ను పిలుస్తుండె. ముందటి అర్రల ఒక్కపారి నిలవడాల్నని ఉండె నాకు, గంతే" అంది. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, నన్ను ఓదార్చనూ లేదు. ఓదార్చకపోవడమే న్యాయం అని ఇప్పుడు అనుకుంటాను.

వానలు పడ్డాక గత్తర మళ్ళీ వచ్చింది. ఈసారి మా వాడకే వచ్చింది. అత్తకు తెల్లవారి మొదలై, పొద్దు గూట్లో పడకముందే అయిపోయింది. దవాఖానకు తీసుకుపోదామని టాంగా తెచ్చేసరికి మనిషి లేదు. ఆమె ఫోటో ఒక్కటి కూడా లేదన్న సంగతి బాపుకు అప్పుడు తట్టింది. ఫోటోలే మా ఇంటి అన్నం, ఆ ఇంట్లో ఆమెకు ఒక్క ఫోటో లేదు. ఉన్న కాస్త వెలుతురులో కుర్చీ వేయించాడు. ముందటి అర్రలోనే వేయించాడు, గాజుకప్పు కింద. అత్త అక్కడికి వచ్చింది అలాగ.

ప్లేటు కడిగి ఆరబెట్టి, మరునాడు అత్త బల్ల ముందు తానే కూర్చున్నాడు. కత్తిముక్క పట్టుకున్నాడు. కాసేపటికి తల ఎత్తి అమ్మను పిలిచాడు.

"అక్క ఎట్ల చూసేది?" అన్నాడు.

అమ్మ ఆలోచించింది. "ఏమో. ఎప్పుడు తల వంచుకొనే ఉంటుండె గద" అంది.

బాపు నా వైపు చూశాడు. "నువ్వు చెప్పు బిడ్డా. పొద్దంత ఆమె దగ్గరనే ఉంటుంటివి. ఎట్ల చూసేది?"

నాకు తెలియలేదు. ఆమె చేతులు తెలుసు, వేళ్ళ కొసలకు అంటిన పెన్సిలు నలుపు తెలుసు, వంగిన మెడ తెలుసు. చూపు తెలియలేదు. ముగ్గురం ఆ గాజుముక్క చుట్టూ నిలబడ్డాం, ఒక్కరికీ తెలియదు. బాపు చాలాసేపు గీకాడు. అచ్చు తీస్తే కళ్ళున్న చోట రెండు నల్లటి గుంటలు వచ్చాయి. ఆయన ప్లేటును పెరట్లోకి పట్టుకుపోయి బావిగట్టుకేసి కొట్టాడు. తర్వాత చాలా ఏళ్ళు స్టూడియో నడిపాడు కానీ, పోయినవాళ్ళ ఫోటోకు ఎవరు పిలిచినా పోలేదు. పతకాన్ని పెట్టె అడుగున పెట్టేశాడు. ఆ సంగతి మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఈ కాలం వేరు. సినిమా అయిపోయాక చాయ్ అందించినవాళ్ళ పేరు కూడా తెర మీద వేస్తారు. నేను కథలు రాస్తాను. నా పుస్తకాల మొదటి పేజీలో ప్రూఫులు దిద్దినవాళ్ళకు, అట్ట బొమ్మ వేసినవాళ్ళకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకున్నాను. మనిషి చూపు అడిగి తెలుసుకొని రాయమని నాకు నేర్పింది అత్త. చెట్టు పేరు చెప్పుకొని కాయలు అమ్ముకున్నట్టు బతికాడని బాపును లోపల లోపల తిట్టుకున్నాను. నేను చెట్టు పేరు కూడా చెప్పలేదు. ఇన్ని పుస్తకాల్లో అత్త పేరు ఒక్కచోట లేదు.

చాయ్ లేకుండానే తిరిగి వచ్చి ఫర్జానాకు ఇదంతా చెప్పాను. ముసలమ్మ అప్పటికే పోయిందని చెప్పాను. 'బాపు' అన్న నా మాట కూడా దాచకుండా చెప్పాను. ఆ పిల్ల బొమ్మను మళ్ళీ ఒకసారి చూసింది. తర్వాత నోట్‌బుక్కు తీసి, "కార్డు మీద సహాయం అని రాసి ఆమె పేరు పెడ్తా అమ్మమ్మా" అంది.

"సహాయం కాదు బిడ్డా. ముందుగాల రాజవ్వ అని రాయి. దాని పక్కకు మా బాపు పేరు రాయి."

రాసుకుంది. "రాజవ్వగారి ఫోటో ఒక్కటన్న ఉంటే పక్కన పెట్టేదాన్ని" అంది.

లేదని చెప్పబోయి, బొమ్మను మళ్ళీ కిటికీ దగ్గరికి తీసుకుపోయాను. ముసలమ్మ నెరసిన జుట్టు మీద ఒక అరచెయ్యి పెట్టాను, నోరు, గడ్డం కనబడకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టాను. మధ్యన కళ్ళు మిగిలాయి. అందులో మా వెనుక అర్ర కిటికీ ఉంది, మూడు చువ్వలూ ఉన్నాయి. చేతి అద్దంలోకి అత్త చూసుకున్న చూపు అది. దానికి ముసలమ్మ ముఖం దొరికింది, అంతే. ఆ ఏడాది మా ఊళ్ళో పోయినవాళ్ళందరూ అత్త కళ్ళతోనే గోడల మీది నుంచి చూసి ఉంటారు. పని ఆపి, ఒక్క మాట అనకుండా, నన్నే చూస్తోంది.

"గిట్ల చూసేది బాపూ" అన్నాను పైకే.